పోపుల డబ్బాలో బిట్లు దాచిన మనిషి

అంకుల్ పోయారన్న కబురు నాకు ఇంగ్లీషులో వచ్చింది. కార్క్‌లో చదువుకుంటున్న ఆయన కూతురు ఫోన్ చేసి, "అక్కా, డాడ్ ఈజ్ గాన్" అని ఆగిపోయింది. అప్పుడు నేను ఐర్లండ్‌లో పోర్ట్‌లీష్ ఊరి చివర ఉన్న మా చెక్కపని షాపులో, ఆయన రోజూ నిలబడే యంత్రం పక్కనే ఉన్నాను. ఫ్యామిలీ డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ ఉందని, అది చూసుకుని నేరుగా పనికి వచ్చేస్తానని ముందురోజు చెప్పారు. ఆయన వచ్చాక మొదలుపెడదామని ఒక తలుపు పలకను బల్లకు బిగించి ఉంచాను. ఫోన్ పెట్టేశాక ఏం చేయాలో తోచక, బిగించిన పలకను విప్పి గోడకు ఆనించాను. ఎందుకు విప్పానో ఇప్పటికీ తెలియదు.

ఇంటి ముందు కారు తలుపు తీస్తూనే కూలిపోయారట. ఆంటీ ఆ ఉదయం ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్నారు. ఆయన్ని తీసుకువచ్చింది కూడా అక్కడికే. ఛాతీలో నొప్పి చాలా రోజులుగా ఉన్నట్టు ఆ తర్వాతే అందరికీ తెలిసింది. ఎవరు అడిగినా ఆయన చెప్పేది ఒకటే మాట, "గ్రాండ్." ఈ దేశంలో బాగున్నానని చెప్పడానికి అందరూ వాడే మాటే అది. వర్షంలో తడిసి వచ్చినా గ్రాండే, వేలు తెగినా గ్రాండే. "వార్డులో ఎవరి మొహం చూసినా చెప్పేస్తాను, ఈయనకి బాలేదని. మా ఆయన మొహం చూసి చెప్పలేకపోయాను" అని ఆంటీ ఆ రోజు ఎన్నిసార్లు అన్నారో.

అంకుల్ నాకు చుట్టం కాదు. మాస్టర్స్ చదవడానికి ఐర్లండ్ వచ్చిన కొత్తలో వాళ్ళింట్లో మెట్ల పక్కనున్న చిన్న గది అద్దెకు తీసుకున్నాను. ఆంటీ నర్సు. ఆవిడ ఉద్యోగం మీద, భర్తగా ఈ దేశం వచ్చిన మనిషి ఆయన. అంతకుముందు రాజమండ్రి దగ్గర ఒక ఫౌండ్రీలో, ఇనుము పోత పోసే అచ్చులకు చెక్క నమూనాలు చేసేవారు. ఇక్కడికి వచ్చాక పాపను బడికి దింపుతూ, వంట చేస్తూ కొన్నేళ్ళు ఇంట్లోనే ఉన్నారు. పాప పెద్దదయ్యాక ఈ షాపులో చేరారు. మెట్లు, తలుపులు, చర్చి బల్లలు చేసే షాపు ఇది. చేత్తో చెక్కే మనిషి సీఎన్‌సీ యంత్రం ముందుకు వచ్చారు. కంప్యూటర్‌లో మనం గీసిన దారిలో తిరుగుతూ, మూతికి బిగించిన బిట్టుతో చెక్కను చెక్కే యంత్రం అది.

చదువు అయ్యాక నేను వేరే గదికి మారినా, నన్ను ఈ పనిలో చేర్పించింది ఆయనే. నాకు సాఫ్ట్‌వేర్ వచ్చు, చెక్క తెలియదు. ఆయనకు చెక్క తెలుసు, సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలని చాలా ఆశ. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆయన పక్కన కూర్చుని స్క్రీన్ మీద గీతలు గీయడం నేను చూపించేదాన్ని. తర్వాత ఆయన నన్ను యంత్రం దగ్గరకు తీసుకెళ్ళేవారు. అలా ఎవరి పాఠం వాళ్ళు చెప్పుకున్నాం.

మొదట్లో ఒకసారి తలుపు పలక మీద, గోడలకు పాకే ఐవీ తీగ చెక్కే పని నాకిచ్చారు. ఆకుల ఈనెలు కూడా కనిపించాలి. సూదిలా సన్నబడి, చివర చిన్న గుండ్రటి మూతి ఉన్న బిట్టును ఎంచుకుని, పలకంతా దానితోనే చెక్కేలా ప్రోగ్రాం రాశాను. అంకుల్ స్క్రీన్ చూశారు.

"గుండిగలో పప్పుని టీ చెంచాతో కలుపుతావేంటమ్మాయ్?"

"గీ సన్నదాంతోని మొత్తం చేస్తె ఏమైతది అంకుల్?"

"ఏమైతదా? ఆ బిట్టైనా విరుగుద్ది, అది తిరిగీలోగా నువ్వైనా ముసలమ్మవైపోతావు."

పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ముందు లావుపాటి సమమూతి బిట్టుతో అక్కర్లేని చెక్కంతా తీసేయాలి. తర్వాత గుండ్రటి మూతి బిట్టుతో ఆకుల వంపులు తేవాలి. సూదిమూతిది చివర్లో, ఈనెల దగ్గర మాత్రమే. "బొమ్మలో అన్నిటికన్నా ఇరుకైన మలుపు ఎక్కడుందో ముందు వెతుకు. ఆఖరి బిట్టుని ఎంచేది నువ్వు కాదు, నేనూ కాదు. ఆ మలుపే ఎంచుద్ది" అన్నారు. తర్వాత నా పుస్తకాల్లో అదే సంగతి లెక్కలతో చదివాను. కానీ గుర్తున్నది ఆయన మాటే.

యంత్రం తిరుగుతున్నంతసేపూ ఆయన బిట్టు వంక చూసేవారు కాదు. కింద రాలేదాన్ని చేతిలోకి తీసుకుని వేళ్ళ మధ్య నలిపి చూసేవారు. "పొట్టు రావాలి, పొడి రాకూడదు. పొడి వత్తందంటే బిట్టు కొయ్యట్లేదమ్మా, రుద్దుతోంది. కాసేపటికి కమురు వాసనొత్తది. అప్పుడు బిట్టూ పోద్ది, చెక్కా పోద్ది." వేగం ఎంత పెట్టాలో పట్టికలు ఉన్నాయి. ఆయన కూడా పట్టిక చూసేవారు. చూశాక కూడా ఆ గుప్పెడు పొట్టు నలపకుండా ఉండేవారు కాదు.

బిట్ల కోసం షాపులో మంచి సొరుగులున్నాయి. ఆయన సొంత బిట్లు మాత్రం స్టీలు పోపుల డబ్బాలో ఉండేవి. ఆ బిట్లు చేసే కార్బైడ్ చాలా గట్టిది, కానీ పెళుసు. ఒకదానికొకటి తగిలితే అంచులు ఊడిపోతాయి. అందుకని ఆ డబ్బాలోని చిన్న గిన్నెల్లో స్పాంజి ముక్కలు కోసి కుదిర్చి, ఒక్కో రకానికి ఒక్కో గిన్నె ఇచ్చారు. పాత్రల కొట్లో అంత మంచి టూల్ బాక్స్ దొరుకుతుంటే వేరేది ఎందుకని ఆయన వాదన. ఐరిష్ పనివాళ్ళు టీ టైమ్‌లో మూత ఎత్తి, ఇవాళ డిన్నర్‌కి ఏంటని అడిగేవారు. "కార్బైడ్ ఫ్రై. పళ్ళు గట్టిగా ఉన్నోళ్ళకే" అని ఆయన ఇంగ్లీషులో చెప్పి, నాకు తెలుగులో మళ్ళీ చెప్పి, రెండుసార్లూ నవ్వేవారు.

వారాంతాల్లో ఆ డబ్బాను ఇంటికి తెచ్చేవారు. వంటింటి బల్ల మీద పేపరు పరిచి, సబ్బునీళ్ళలో పాత టూత్‌బ్రష్ ముంచి, బిట్ల గాడుల్లో పట్టిన చెక్కజిగురును ఓపికగా తోమేవారు.

"వంటింట్లో ఈ ఇనప సామానేంటండీ?" అనేవారు ఆంటీ.

"ఇనుం కాదే, కార్బైడు. ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఏదైతే ఏంటి, చారులో పడకుండా చూసుకోండి."

అలా తోముతున్న ఒక ఆదివారం, నేను వాళ్ళింట్లో ఉండగా, మా అమ్మ వీడియో కాల్ చేసింది. మాది జగిత్యాల దగ్గర. అమ్మ బీడీలు చుడుతుంది. అమ్మా నాన్నా బడి ముఖం చూడలేదు, మా ఇంట్లో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే. ఇక్కడ నాకు తెలిసినవాళ్ళు ఫోన్‌లో అమ్మను సాధారణంగా ఆరోగ్యం గురించి అడిగి ఊరుకుంటారు. అంకుల్ ఫోన్‌లోకి వంగి, "చెల్లెమ్మా, ఆకు కోసే కత్తెర మీరే సాన పట్టుకుంటారా, బయట పట్టిస్తారా?" అని అడిగారు.

అమ్మ ఒక్క క్షణం తబ్బిబ్బయింది. తర్వాత, "బయటోనికిస్తె ఖరాబ్ జేస్తడన్నా. నేనే పడ్త. ఆకు నలిగిందంటె కత్తెర మొద్దువారినట్టు, తెగినప్పుడు సప్పుడు గూడ మారతది" అంది.

"అదీ మాట! మాదీ అంతేనమ్మా. నలిగిందంటే మొద్దుబారినట్టే" అని ఆయన చేతిలోని బిట్టును కెమెరా ముందు పెట్టి చూపించారు. ఆ రోజు వాళ్ళిద్దరూ కత్తెరల గురించీ బిట్ల గురించీ మాట్లాడుకుంటుంటే నేను పక్కన ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. అమ్మ పని గురించి, అది ఒక పని అన్నట్టు అడిగిన మొదటి మనిషి ఆయన. మొన్న అమ్మకు కబురు చెప్తే, "గా కత్తెర ముచ్చట అడిగిన అన్ననా బిడ్డా?" అని ఏడ్చింది.

తెలుగు అక్షరాలంటే ఆయనకు ఇష్టమూ భయమూ రెండూ ఉండేవి. వాళ్ళ తెలుగు క్రైస్తవ సహవాసం ప్రార్థనకు ఆదివారాల్లో ఒక స్కూలు హాలులో కూడుతుంది. అక్కడ పెట్టడానికి ఓక్ చెక్క మీద తెలుగులో ఒక బోర్డు చెక్కారు. ఓక్ గట్టిదే కానీ దాని పోగు ముతక. సన్నని పనిని ఊరికే నిలవనివ్వదు. అక్షరం చుట్టూ బిట్టు తిరిగాక, సున్నాలోనో ఒత్తులోనో మధ్యన చిన్న చెక్క ద్వీపంలా మిగులుతుంది. ఆ ద్వీపం కాస్త పెద్దదిగా ఉంటే నిలుస్తుంది. చిన్నదైతే టక్కున ఊడిపోతుంది. ఆ రోజు ఊడిపోయింది. "పొట్ట ఊడిపోయిందమ్మాయ్!" అని అరిచి, నేలంతా వెతికి, ఆ నలుసును పట్టకారుతో పట్టి, అగ్గిపుల్లతో జిగురు రాసి మళ్ళీ అతికించారు. "ఇంగ్లీషు అక్షరాలు నిటారుగా నిలబడతాయి. మనవి చుట్టుకుంటాయి. అందుకే మనవాటికి చోటెక్కువ కావాలి" అన్నారు. ఆ రోజు షాపుకు వచ్చిన కూతురు, "నాన్నా, ఇట్స్ జస్ట్ అ బోర్డ్" అంది. ఆయన జిగురు ఆరేదాకా అక్కడే కూర్చున్నారు.

ఆయన్ని పోర్ట్‌లీష్‌లోనే సమాధి చేశారు. ఇక్కడ మట్టి కుదురుకునేదాకా తలరాయి పెట్టరు, అప్పటివరకు చెక్క శిలువ ఉంచుతారు. ఆంటీ మాత్రం రాయే వద్దన్నారు. "బతికినంతకాలం చెక్క తప్ప ఇంకోటి ముట్టని మనిషి. చెక్కే ఉండనీ. నువ్వు చెయ్యమ్మా" అని నా చెయ్యి పట్టుకున్నారు. శిలువ మీద ఆయన పేరు తెలుగులో ఉండాలి, దాని కింద ఆయన రోజూ ప్రార్థనలో చెప్పుకునే బైబిలు వాక్యం పూర్తిగా ఉండాలి. శనివారం జ్ఞాపకార్థ కూడిక. ఆలోగా కావాలి. షాపు యజమాని విషయం విని, ఎప్పుడో అంకుల్ వాసన చూసి మెచ్చుకుని పక్కన పెట్టిన ఓక్ దూలాన్ని చూపించి, అదే వాడమన్నాడు.

ఓక్ మీద అంత చిన్న అక్షరాలు చెక్కాలంటే అంకుల్ దగ్గరున్న సూదిమూతి బిట్టు ఒక్కటే దారి. ఆ అంచును ఆయన కంటికి రెప్పలా కాపాడుకున్నారు. వారాంతంలో తెచ్చిన డబ్బా ఇంకా ఇంట్లోనే ఉంది, దాని కోసం వెళ్ళాను. ఆంటీ వంటింటి అల్మరా తలుపు తీసి పోపుల డబ్బా తెచ్చి ఇచ్చారు. మూత తీశాను. ఆవాలు, జీలకర్ర, మెంతులు, ఎండుమిరపకాయలు ఉన్నాయి.

సంగతి అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. అంకుల్ పోయిన రోజు నుంచి దూరపు ఊళ్ళ సహవాసం వాళ్ళు కూడా వచ్చి ఆ ఇంట్లో వంట చేశారు. వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టాలి. అల్మరాలో పోపుల డబ్బా కనిపించింది. లోపల స్పాంజి, ఇనప ముక్కలు. ఒక పెద్దావిడ వాటిని తీసి, డబ్బాను శుభ్రంగా తోమి, పోపు సామాను నింపింది. ఆ రోజు ఆవిడ అక్కడే ఉంది.

"అయ్యో తల్లీ, ఏవో స్క్రూలనుకున్నానమ్మా! పారెయ్యలేదు, బంగారంలా కడిగి గ్లాసులో వేశాను" అంది.

స్టీలు గ్లాసు తెచ్చింది. బిట్లన్నీ అందులో మూతులు కిందికి పెట్టి, ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. గ్లాసు కదిపితే గలగలమని చప్పుడైంది. సూదిమూతి బిట్టు చివర విరిగిపోయింది. మిగతావాటి అంచులను ఒక్కొక్కటీ గోటి మీద గీసి చూశాను. ఇంగ్లీషు 'వి' ఆకారంలో ఉన్న లావుపాటి బిట్టు ఒకటి మాత్రం దెబ్బతినకుండా మిగిలింది.

ఆంటీ గ్లాసులోకి చూశారు. నా మొహం చూశారు. "ఆయనే ఉండుంటే ఈ పాటికి మా అందరికీ క్లాసు పీకేవోరు. కార్బైడే, కార్బైడు అని" అంటూ నవ్వారు. ఆయన పోయాక ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది. పెద్దావిడ ఆవిడ్ని పట్టుకుని తనూ ఏడ్చింది.

కొత్త బిట్టు తెప్పిస్తే శనివారం దాటిపోతుంది. షాపు సొరుగులో సన్నని బిట్టు ఒకటి ఉంది, అది మెత్తని చెక్కకు పనికొచ్చేది. దానితోనే ఓక్ తుండు మీద వాక్యంలో మొదటి మాట చెక్కి చూశాను. అక్షరాల పొట్టలు వరసగా ఊడిపోయాయి. అదే బిట్టుతో లైమ్ అనే మెత్తని చెక్క మీద చెక్కాను. పేరూ వాక్యమూ మొత్తం వెన్న మీద రాసినంత నున్నగా వచ్చాయి. చివరికి మిగిలిన వి బిట్టుతో ఓక్ మీద ఆయన పేరులోని అన్నిటికన్నా కష్టమైన ఒత్తక్షరం ఒక్కటి చెక్కాను. అది నిలిచింది. కానీ ఆ బిట్టుకు తగ్గంత పెద్ద అక్షరాలైతే, శిలువ మీద పేరు తప్ప మరేమీ పట్టదు.

రెండు ముక్కలూ తీసుకెళ్ళి ఆంటీ ముందు పెట్టాను. ఆవిడ లైమ్ చెక్కను ఒళ్ళో పెట్టుకుని, వాక్యం మీద చెయ్యి వేసి, "ఇదే. ఇదే చాలా బాగుందమ్మా" అన్నారు.

అయినా చెప్పాలి. "ఆంటీ, గీ చెక్క వానకు ఆగదు. రంగు పూసినా రెండు మూడు చలికాలాలు ఉంటదేమో. తర్వాత మెత్తవడి అక్షరాలు పోతయి. ఓక్ అయితె ఏండ్లకేండ్లు ఉంటది. గాని దాని మీద పేరు ఒక్కటే పడ్తది."

"వాక్యం లేకుండా ఎలాగే? పేరు ఎవరికైనా ఉంటది. ఆయన ఎవర్ని నమ్ముకుని బతికాడో తెలియొద్దా?"

ఆవిడ అడిగినదాంట్లో తప్పేమీ లేదు. అప్పటిదాకా మెట్ల మీద కూర్చుని వింటున్న కూతురు లేచి వచ్చింది. లైమ్ చెక్కనూ ఓక్ ముక్కనూ పక్కపక్కన పెట్టి చూసింది. ఆ అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది. చదవడం రాదు.

"అక్కా, నాకు ఇది చదవడం రాదు కదా. ఐ వాంట్ టు లర్న్. టైమ్ పడుతుంది. నేను నేర్చుకునేసరికి... విచ్ వన్ విల్ స్టిల్ బీ దేర్?"

నేను ఓక్ ముక్కను చూపించాను. ఆంటీ లైమ్ చెక్కను ఇంకాసేపు ఒళ్ళోనే ఉంచుకున్నారు. తర్వాత దాన్ని కూతురి చేతికిచ్చి, "ఇది ఇంట్లో పెట్టుకుందాం. అక్కడ పేరు చాలు. ఆయన ఎవర్ని నమ్ముకున్నాడో ఆయనకీ ఆ దేవుడికీ తెలుసు" అన్నారు.

శుక్రవారం మధ్యాహ్నం ఓక్ దూలాన్ని బల్లకు బిగించాను. యజమాని రేడియో కట్టేశాడు. పనివాళ్ళు టీ కప్పులతో వచ్చి కొంచెం దూరంగా నిలబడ్డారు. యంత్రం కదిలింది. నేను బిట్టు వంక చూడలేకపోయాను. వంగి, కింద రాలేదాన్ని గుప్పిట్లోకి తీసుకుని నలిపాను. పొట్టు. వంపులు తిరిగిన, వెచ్చని, ముతక పొట్టు. ఒక్క అక్షరం పొట్టా ఊడలేదు. పని పూర్తయ్యాక నేను ఏడుస్తుంటే, మెట్ల పని చేసే ముసలాయన వచ్చి ఒక ముక్క శాండ్‌పేపర్ నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. అంచులు నునుపు చేసే పని మిగిలే ఉంది మరి.

నేను ఆయన దగ్గర ఇంకా నేర్చుకోవాల్సింది చాలా ఉండిపోయింది. చెర్రీ చెక్క ఎందుకు అంత త్వరగా కాలిపోతుందో చెప్తానన్నారు, చెప్పలేదు. పుస్తకాల్లో వెతికితే దొరుకుతుంది. వెతకబుద్ధి కావడం లేదు.

శనివారం కూడికలో ఆ పెద్దావిడ ప్రార్థన చేసింది. మధ్యలో దేవుడి ముందు కూడా ఆ గ్లాసు సంగతి చెప్పి క్షమించమంది. ఆంటీ కళ్ళు మూసుకునే ఆవిడ చెయ్యి అందుకున్నారు. తర్వాత అందరం సమాధి దగ్గరకు వెళ్ళి శిలువ నిలబెట్టాం. పాట అయిపోయింది. అందరూ కార్ల వైపు నడుస్తుండగా సన్నగా జల్లు మొదలైంది.

కొత్తగా కోసిన ఓక్ మొదటి వానకు రంగు విడుస్తుంది. చెక్కలో ఉండే వగరు నీళ్ళలో కలిసి దిగుతుంది. చూస్తుండగానే అక్షరాల గాడులు నీళ్ళతో నిండాయి. ఒక్కో అక్షరం అడుగు నుంచి డికాక్షన్ రంగు చార ఒకటి బయల్దేరి కిందికి జారింది. కూతురు టిష్యూ తీసి తుడవబోయింది. "ఉండనీ" అన్నారు ఆంటీ. ముగ్గురం గొడుగు తెరవకుండా నిలబడ్డాం. చారలు సన్నగా, ఒకదాని పక్కన ఒకటి, శిలువ కాడ పొడవునా దిగి, ఇంకా కుదురుకోని ఆ మట్టిలోకి ఇంకిపోతూ ఉన్నాయి.